పచ్చి ఇల్లు మగ్గేసిన సూరాలమ్మ

ఊరందరి తెలివీ ఒక తట్టలో, తన ఒక్కదానిదీ ఇంకో తట్టలో పెట్టి తూచినా తన తట్టే కిందికి దిగుతుందని సూరాలమ్మ నమ్మకం. కొడుకులు గవిరేశు, తాతబ్బులదీ అదే నమ్మకం. పాపం, ఇంకో నమ్మకం పెట్టుకోడానికి వాళ్ళ బుర్రల్లో చోటేదీ!

తాతబ్బుకి వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోయాయి. చివరికి ఒకరు శుక్రవారం ఇల్లు చూసుకోడానికి వస్తామన్నారు. ఇదీ తప్పితే పిల్లాడు బ్రహ్మచారిగానే మిగిలిపోతాడని సూరాలమ్మకి ఒకటే దిగులు. పిల్ల తండ్రికి ఆరెంజ్ రంగంటే ప్రాణమట. అంతే, తల్లీకొడుకులు రంగుల కొట్టుకి పరిగెత్తారు.

కొట్టు వీరభద్రంగారికి నాలుగు ముక్కలు చెప్పందే డబ్బా ఇచ్చే అలవాటు లేదు. "ఆరెంజంటే ముందు పండేనమ్మా! మన నారింజే దేశాలు తిరిగి, ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి ఆరెంజయింది. అంతకుముందు వాళ్ళు ఆ రంగునీ ఎరుపనేవారు. పండొచ్చాకే రంగుకి ఆ పేరొచ్చింది."

"పండైతే శుక్రవారందాకా ఆగుతుందా, కుళ్ళిపోదూ?" అంది సూరాలమ్మ. "నన్ను మోసం చెయ్యలేవు. పచ్చిదివ్వు, మేమే పండించుకుంటాం."

వీరభద్రంగారు ఆవిడకేసి చూసి, ఓ దణ్ణం పెట్టి, ఆకుపచ్చ డబ్బా చేతిలో పెట్టాడు.

గోడలకి పూశారు. గురువారం వచ్చినా ఇల్లు పచ్చగానే ఉంది. గవిరేశు గోడ నాకి, "ఇంకా వగరేనే అమ్మా" అన్నాడు. ఇంకేముంది, ఇంటి చుట్టూ చూరుదాకా గడ్డి కూరి, తలుపులు బిగించి, వాకిట్లో కూచున్నారు. తెల్లారినా పండలేదు.

"అరటిగెలకి పొగెయ్యమూ? దీనికీ వేద్దాం" అంది తల్లి. గవిరేశు గడ్డికింద పిడకలు రాజేశాడు. అంతే! గడ్డి భగ్గుమంది, తాటాకు కప్పంటుకుంది. సరిగ్గా అప్పుడే పెళ్ళివారి ఆటో ఆగింది.

ఇరుగుపొరుగు బిందెలతో వస్తే సూరాలమ్మ చేతులు చాపి అడ్డం పడింది. "నీళ్ళు పొయ్యకండర్రా! ఇప్పుడే పండింది, రంగు పోతుంది!"

ఈలోగా కప్పు కూలిపోయింది. సూరాలమ్మ చాపిన చేతులు దించేసింది. కొడుకు పెళ్ళి కూడా దాంతోపాటే కూలిందనుకుంది.

పిల్ల తండ్రి సింహాద్రిగారు మంటలకేసి మురిపెంగా చూశాడు. "కాస్త ఎక్కువ మగ్గి రాలిపోయింది గానీ వదినగారూ, రంగు మాత్రం అసలు సిసలు ఆరెంజే. పిల్లనిచ్చేశాం!"

"మరి మేం ఉండేదెక్కడ మావయ్యా?" అన్నాడు తాతబ్బు.

"గింజలుంటాయిగా అల్లుడూ! ఏరి నాటుకోండి."

ఇంకేముంది, రెండు వైపులవాళ్ళూ బూడిదలో చతికిలబడి గింజలు వెతకసాగారు. సూరాలమ్మ మాత్రం గట్టిగా చెప్పింది, "లావు గింజ దొరికితే పక్కన పెట్టండర్రా, మేడకి!"