షావుకారు ఇచ్చిన కొసరు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గవరమ్మ. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి.

ఒక రాజ్యంలో కనకలింగం అనే షావుకారు రాగిబిళ్ళలు చేయించాడు. వర్తకులు ఏడాదికి మూడు వరహాలు కట్టి బిళ్ళ తీసుకోవాలి. అది చూపించి సరుకు కొంటే ముందు షావుకారే డబ్బిచ్చి, నెలాఖరుకి వసూలు చేసుకుంటాడు. పైగా కొన్న ప్రతి వందకీ ఒక వరహా కొసరుగా తిరిగిస్తాడు. బిళ్ళ లేనివాళ్ళని సంతలో కూర్చోనివ్వొద్దని రాజుగారి చెవిన కూడా వేశాడు.

రాజు సంతవాళ్ళని పిలిపించి అడిగితే అందరూ తలలూపారు. నువ్వులమ్ముకునే పైడమ్మ మాత్రం ఊపలేదు.

"ఏడాదంతా కలిపి నేను కొనేది వంద వరహాల సరుకే మారాజా," అంది.

"అయితే ఒక వరహా తిరిగొస్తుంది కదే! కొసరు చేదా నీకు?" అన్నాడు షావుకారు.

"చేదెందుకు బాబూ! మీ వక్కల సంచి ఓసారి ఇలా ఇవ్వండి."

పైడమ్మ అందులోంచి మూడు వక్కలు తీసి, రెండు తన కొంగున ముడేసుకుని, ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "ఇదిగోండి మీ కొసరు."

షావుకారు మండిపడ్డాడు. "నా వక్కలు తీసుకుని, అందులో ఒకటి నాకే ఇచ్చి కొసరంటావేమే?"

"నేననేదీ అదే బాబూ," అంది పైడమ్మ.

రాజు నవ్వి, గిట్టుబాటయ్యేవాళ్ళే బిళ్ళ తీసుకోవచ్చనీ, సంతలో పైడమ్మ చోటు పైడమ్మదేననీ తీర్పు చెప్పాడు.

మా ఊరి సూరప్పడు ఈ తెలివి మంత్రిగారిదని ముప్పై ఏళ్ళుగా చెప్పుకు తిరుగుతున్నాడు. మంత్రి ఆవేళ నోరే విప్పలేదు. చదువుకున్నవాళ్ళెవరైనా పూనుకుని, అది నువ్వులమ్మిన పైడమ్మ తెలివని రాసి సరిచెయ్యండి.