నాగూరమ్మ కుట్టిన పరుపు

రాజుగారికి నడుంనొప్పి. దూది ఏకే నాగూరమ్మ కుట్టి తెచ్చిన పరుపును ఆయన అరచేత్తో నొక్కి, మొహం చిట్లించాడు.

"ఇది పరుపా, బండా? నా హంసతూలికా తల్పంలో చెయ్యి పెడితే మోచేతిదాకా దిగుతుంది. నీ దూదేకే విల్లు విరిపించేస్తాను."

ఆ విల్లు ఆమె తాతముత్తాతలది. అయినా నాగూరమ్మ తొణకలేదు.

"చిత్తం ప్రభూ. ఆ తల్పం మీద పడుకుని, ఎవరి సాయం లేకుండా లేవండి. లేస్తే నేనే విరిచేస్తాను."

రాజు పడుకున్నాడు. నడుం కాస్తా గుంటలో దిగబడింది. ఎంత గింజుకున్నా లేవలేక, రోజూలాగే భటులకు చేతులు చాచాడు. తర్వాత నాగూరమ్మ పరుపు మీద పడుకుని, తనంతట తనే లేచి కూర్చున్నాడు.

నాగూరమ్మ విల్లు భుజానికెత్తుకుంది.

"పడుకునేది మీ నడుము ప్రభూ, చెయ్యి కాదు. నొక్కి చూసి కొనడానికి నేను కుట్టింది మామిడిపండు కాదు."