కొల్లేటి పరజలు

విజయసారథికి గొంతు ఉంది. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. అదే అతని ఇబ్బంది.

శరభయ్య గారికి గొంతు లేదు. పల్లెటూరి హైస్కూల్లో సైన్సు మాస్టారుగా ఉంటూ, సెలవు దొరికితే చాలు చేతికర్ర పుచ్చుకుని మడుగులూ కొండలూ పట్టుకుని తిరిగేవారు. చూసింది చూసినట్టు ఓ వారపత్రికకు రాస్తే ఆ శీర్షిక పదేళ్లు నడిచింది. రేడియోవాళ్లు పిలిచి గొంతు పరీక్ష పెట్టి, పనికిరాదని పంపించేశారు. ఆర్నెల్లకు మళ్లీ వాళ్లే పిలిచారు. ఆయన రాసింది ఇంకొకరు చదివితే శ్రోతలకు నడుస్తున్నట్టు అనిపించడం లేదట. అలా మొదలైన ‘ఆరుబయట’ ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం ఏడున్నరకు వస్తూనే ఉంది. నా బోటివాళ్లం ఆ పదిహేను నిమిషాలూ కాఫీ గ్లాసు కూడా చప్పుడు కాకుండా కింద పెట్టేవాళ్లం.

ఇప్పుడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. కార్యక్రమం ఎవరికో ఒకరికి అప్పగించాలి. రెండేళ్లుగా ఆయన వెంట తిరుగుతున్న సారథికి నాలుగు వారాలు ఇచ్చి చూద్దామన్నారు కేంద్రంవాళ్లు. బాగుంటే అతనిదే.

మొదటి వారానికి సారథి కొల్లేరు ఎంచుకున్నాడు. చలికాలం, పరజలనే అడవి బాతులు వేలకు వేలుగా దిగి ఉన్నాయి. చింతలంకలో పెద్దిరాజు అనే మనిషి దోనె మాట్లాడుకుని మూడు రోజులు తిరిగాడు. పెద్దిరాజు గెడకర్ర వేస్తుంటే నీటి చప్పుడు కూడా వినబడేది కాదు. పిట్టలు లేచే చప్పుడూ, వాలే చప్పుడూ, వాటి కువకువలూ అన్నీ టేపు మీదకెక్కాయి. మూడో రోజు ఇంకాస్త దగ్గరగా పట్టాలని దోనె అంచు మీదకు వంగాడు. భుజాన ఉన్న రికార్డరూ, సంచిలో ఉన్న స్పూళ్లూ కలిసి బురదనీళ్లలో పడ్డాయి. పైకి తీసేసరికి మిగిలింది తడిసిన పెట్టె ఒక్కటే.

పెద్దిరాజు గట్టుకు దోనె కడుతూ అడిగాడు.

“పాడయిపోయిందా అండీ?”

“ఏం కాలేదులే, ఆరబెడితే సరిపోతుంది,” అన్నాడు సారథి. గొంతున్న మనిషి కదా, అబద్ధం కూడా నిబ్బరంగా పలికింది.

శనివారం సాయంత్రం కేంద్రంలో పాత టేపుల బీరువా తెరిచాడు. శరభయ్య గారి చేతిరాతతో కొల్లేరు అని ఉన్న పెట్టె కనబడింది. వేసి విన్నాడు. పరజల గుంపు ఒక్కసారిగా లేచింది. దాని అడుగున ఎవరో పడవమనిషి మెల్లగా అంటున్నాడు, “నెమ్మది బాబూ, నెమ్మది.”

అంత బాగున్నదాన్ని వదిలే నిగ్రహం సారథికి లేకపోయింది. పైగా ఆ మాటకు తగ్గట్టు స్క్రిప్టులో ఓ వాక్యం కలిపాడు: ‘మా దోనె నడిపే పెద్దిరాజు నన్ను హెచ్చరించాడు.’

కార్యక్రమం అదిరిపోయింది. బుధవారానికల్లా నలభై ఉత్తరాలు. తన ఒంటికి చలి తగిలిందని ఒకాయన రాశాడు. సారథి వాటిని చేత్తో పట్టుకుని కేంద్రమంతా తిరిగాడు. మెచ్చుకోళ్లు వినడానికి ఒకచోట కూర్చుంటే సరిపోదనుకున్నాడు కాబోలు.

శరభయ్య గారు మాత్రం, “బాగా చదివావు,” అన్నారు. అంతే. పెద్దాయనకు చెవులు మందగించాయని సారథి లోపల్లోపల కుదుటపడ్డాడు.

ఆ గురువారం మధ్యాహ్నం పెద్దిరాజు వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడు. ఉతికిన పంచె, భుజం మీద తువ్వాలు. గదిలో శరభయ్య గారూ సారథీ ఉన్నారు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

“రేడియోలో నా పేరు చెప్పారండి బాబుగారు. ఊరంతా ఇన్నారండి. మా పిల్లలయితే నేల మీద నడవట్లేదు.”

సారథి నవ్వాడు. “బాగుందా?”

“బాగుందండి. కానీ ఆ గొంతు నాది కాదండి.” పెద్దిరాజు తువ్వాలు చేతుల్లోకి తీసుకుని నలిపాడు. “మా నాన్నదండి.”

సారథి నవ్వు ఆగిపోయింది.

“నాన్న పోయి తొమ్మిదేళ్లయిందండి. ఆయనదీ నాదీ ఒకటే గొంతంటారండి అందరూ. ఊళ్లోవోళ్లంతా నువ్వేరా అంటన్నారు. నేనెరగనా అండీ? దోనెక్కిన ప్రతివోళ్లకీ నెమ్మది బాబూ నెమ్మది అనేది మా నాన్న. నేను బాబుగారితో ఆ మాట అననే లేదండి. బాబుగారు ఆ ఆఖర్రోజు దాకా కుదురుగానే కూకున్నారు. మా ఇంట్లోదానికి చెబితే మతి చెడిందంటంది. నాలుగు రాత్రులు నిద్దర్లేదండి. అదేంటో కనుక్కుందామని వచ్చాను.”

సారథి గుమ్మం వైపు చూశాడు. నిజం చెబితే కార్యక్రమం పోతుంది. పేరు పోతుంది. బయట గుమాస్తాలు కూడా వింటారు.

“నువ్వే అన్నావు పెద్దిరాజూ,” అన్నాడు. “రెండో రోజు పొద్దున. నువ్వు మర్చిపోయి ఉంటావు.”

ఆ అందమైన గొంతులో ఆ మాట ఎంత నమ్మకంగా వినబడిందంటే పెద్దిరాజు తల దించుకున్నాడు.

“అయ్యుంటదండి,” అన్నాడు మెల్లగా. “చదువుకున్నోళ్లు మీరు చెబుతుంటే… నా చెవే పాడయిపోయిందేమోనండి.”

లేవబోయాడు.

“కూర్చో నాయనా,” అన్నారు శరభయ్య గారు.

బల్ల పట్టుకుని ఆయన లేచారు. మోకాళ్లు ఒకసారి కలుక్కుమన్నాయి. కర్ర ఊనుకుంటూ వరండా దాటి వెళ్లారు. వెళ్లి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ కాసేపూ సారథి గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. పెద్దిరాజు నేల చూస్తూ కూర్చున్నాడు.

శరభయ్య గారు చేతిలో టేపు పెట్టెతో వచ్చి, దాన్ని సారథి ముందు పెట్టారు.

“పెద్దిరాజుకు చదువు రాదు. దీని మీద ఏం రాసి ఉందో అతనికి చదివి వినిపించు.”

సారథి పెట్టె తీసుకున్నాడు. వార్తలు గంటసేపు తడుముకోకుండా చదవగల మనిషి, ఆ నాలుగు ముక్కలకు రెండుసార్లు ఆగాడు.

“కొల్లేరు. చింతలంక దగ్గర… పంతొమ్మిది వందల అరవై తొమ్మిది, డిసెంబర్ పధ్నాలుగు. ఉదయం ఆరు. మంచు. దోనె నడిపినవారు…”

“నడిపినవారు?” అన్నారు శరభయ్య గారు.

“నాంచారయ్య.”

పెద్దిరాజు కళ్లు పైకెత్తాడు. “మా నాన్నేనా అండీ?”

“మీ నాన్నగారే,” అన్నాడు సారథి.

“అయితే నా మతి బాగానే ఉందండి.” పెద్దిరాజు నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తండ్రి గొంతును వేయి పిట్టల రెక్కల కింద గుర్తుపట్టినవాడు. అతని నవ్వులో ఆ గర్వం ఎంత బాగుందో చెప్పలేను.

టేపు గదిలో కూర్చోబెట్టి నాలుగుసార్లు వినిపించారు. ఐదోసారి వద్దన్నాడు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

“మరి మన మూడు రోజులదీ ఏమైందండి బాబుగారూ?”

“ఏమీ మిగల్లేదు. అంతా తడిసిపోయింది.”

పెద్దిరాజు ఆశ్చర్యంగా చూశాడు. “అయ్యో. ఆ మాట అప్పుడే చెబితే మళ్లీ తోసేవోణ్ణి కదండీ.”

అతను వెళ్లిపోయాక సారథి అడిగాడు.

“మాస్టారూ, మీకు ఆ ఆదివారమే తెలుసా?”

“నా టేపు నాకు తెలియదా?”

“మరి అడగలేదేం?”

శరభయ్య గారు టేపును పెట్టెలో పెట్టి మూత వేశారు.

“ఈ ఆదివారం నేనేం మాట్లాడను మాస్టారూ?”

“పోయిన ఆదివారం నువ్వు మాట్లాడింది విన్నాను,” అన్నారాయన. “ఈ ఆదివారమూ వింటాను.”

ఆదివారం ఏడున్నరకు ఎర్ర దీపం వెలిగింది. సారథి ముందు కాగితం లేదు.

“పోయిన వారం మీరు విన్న పరజలు పంతొమ్మిదేళ్ల నాటివి,” అన్నాడు. “ఆ చప్పుడు పట్టింది శరభయ్య గారు. నేను పట్టింది కొల్లేట్లో పడిపోయింది. ఆ సంగతి దాచిపెట్టి, ఆయన టేపు నాదని వినిపించాను. అందులో విన్న మాట పెద్దిరాజు గారిది కాదు, ఆయన తండ్రి నాంచారయ్య గారిది. చింతలంకవాళ్లు వింటుంటే ఒక్క మాట. మీలో ఎవరూ ఆ గొంతు పోల్చుకోలేదు. పెద్దిరాజు గారు పోల్చుకున్నారు. ఆయన చెవి బాగానే ఉంది. అబద్ధం చెప్పింది నేను.”

ఇంకా పదమూడు నిమిషాలున్నాయి. వినిపించడానికి టేపు లేదు. పెద్దిరాజు గెడ నీళ్లలో ఎలా దింపుతాడో చెప్పాడు. పరజలు లేవబోయే ముందు మెడలన్నీ ఒకవైపుకు ఎలా తిప్పుతాయో చెప్పాడు. రికార్డరు మునిగినప్పుడు తనకు పిట్టల మీద కోపం వచ్చిందని కూడా చెప్పాడు. మధ్యలో తడబడ్డాడు, ఊపిరి పీల్చుకున్నాడు, ఒక మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు మా ఇంట్లో కాఫీ చల్లారిపోయింది.

దీపం ఆరింది. సారథి బయటికొచ్చేసరికి కేంద్రం అధికారి వరండాలో నిలబడి ఉన్నాడు. ఆయన వెనకాల గోడకానుకుని, చేతికర్రతో శరభయ్య గారు. ఇంట్లో వింటాననుకున్న మనిషి పొద్దున్నే రిక్షా ఎక్కి వచ్చేశారు.

“రేడియోలో ఎవరైనా ఇలా చెప్పుకుంటారా?” అధికారి ముఖం కందిపోయి ఉంది. “కేంద్రం పరువు ఏం కావాలి? లోపల ఫోను మోగుతూనే ఉంది. అసలెవరి శిష్యుడండీ ఇతను?”

సారథి తల వంచుకున్నాడు. ఏదో చెప్పబోయాడు.

ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ గొంతు పెంచని శరభయ్య గారు, వరండా చివర ఉన్న వాచ్‌మన్‌కు కూడా వినబడేంత గట్టిగా అన్నారు.

“నా శిష్యుడండీ. వచ్చే ఆదివారం కూడా ఇతనే మాట్లాడతాడు.”