ముప్పైసార్లు తొక్కాల్సిన బ్రేకు

ఉదయం ఆరుంబావుకు కొండ మీది షెడ్డులో సంస్థానం మెకానిక్కు పైడయ్య రాజావారి కారుకు కొత్త బ్రేకు ప్యాడ్లు, డిస్కులు బిగించి చేతులు కడుక్కున్నాడు.

"కారును ఇప్పుడే కొండ దింపు," అన్నారు దివాన్ గారు.

"అయ్యా, ముందు చదును రోడ్డు మీద నడుపుతూ బ్రేకును ముప్పైసార్లు మెల్లగా తొక్కి, మధ్యమధ్య చల్లారనివ్వాలి. లేకపోతే బ్రేకు సరిగా పట్టదు."

"కొత్తది పట్టదా? బద్ధకానికి సాకులు! దింపుతావా, కొలువు మానుకుంటావా?"

"దింపుతాను బాబయ్యా. తమరు కొండ కింద రోడ్డు మధ్యలో నిలబడండి. తమ పాదాల ముందే ఆపుతాను."

దివాన్ గారు తన పాదాల వంక చూసుకున్నారు. "ఎన్నిసార్లన్నావ్?"

నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది. కొత్త బ్రేకులను ఇకపై నలభైసార్లు తొక్కాలట. ఈ పద్ధతి కనిపెట్టింది దివాన్ గారేనట.