పదకొండు లైన్లు

రాయడానికి డెస్క్‌టాప్ కొనాలా, లాప్‌టాప్ కొనాలా అన్నది తేలక సువార్తమ్మ ఏడాదిన్నరగా ఒక్క పేజీ కూడా రాయలేదు.

మిషన్లంటే తెలియక కాదు. ముప్పై ఒక్క ఏళ్లు పక్క ఊరి కోర్టులో టైపిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి. టైపు మిషను మీద మొదలుపెట్టి కంప్యూటరు మీద ముగించింది. సాక్షులు చెప్పినవి, జడ్జి గార్లు చెప్పినవి ఎన్ని వేల పేజీలు కొట్టిందో ఆమెకే తెలియదు. వాటిలో తన మాట ఒక్కటి లేదు. దేవసహాయం పోయేదాకా అది ఆమెకు లోటుగా కూడా అనిపించలేదు.

దేవసహాయం ఆమె భర్త. వాడరేవులో ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు. పోయి నాలుగేళ్లయింది. మొదట్లో ఏడుపుతోనే సరిపోయింది. తర్వాత ఏడుపు తగ్గింది గానీ, దాని చోట భయం వచ్చి కూచుంది. ఒకరోజు గిన్నెలు తోముతూ ఆయన తనను పిలిచే పిలుపు గుర్తు చేసుకుందామంటే సరిగ్గా రాలేదు. మాట గుర్తుంది, గొంతు రాలేదు. చేతిలో గిన్నె అక్కడే వదిలేసి లేచిపోయింది.

ఇలా ఒక్కొక్కటీ పోతూ ఉంటే చివరికి గోడ మీద ఫొటో ఒక్కటే మిగులుతుంది. అదేమో ఆధార్ కార్డుకని తీయించిన ఫొటో. దానికీ ఆయనకీ పోలికే లేదు.

అందుకని రాయాలి. గుర్తున్నంతవరకూ రాసిపెట్టుకోవాలి. ఎవరో చదవాలని కాదు, ఆయన తన దగ్గర ఉండాలని.

కోర్టు ఎదురుగా జాబ్ టైపింగు చేసే అనసూయ ఆమెకు పాత స్నేహితురాలు. మొదట ఆమె దుకాణంలో డెస్క్‌టాప్ ముందు కూచుంది సువార్తమ్మ. కుర్చీ, బల్ల, పెద్ద కీబోర్డు, అన్నీ చేతికి అలవాటైనవే. వేళ్లు వాటంతటవే కదిలాయి. పడిన లైను ఇది: "నా భర్త కీ.శే. దేవసహాయం, వయస్సు అరవై ఒక్క సంవత్సరములు, వృత్తి మెకానిక్, నివాసం పేరాల."

కట్టుకున్నవాడి గురించి రాయబోతే వాంగ్మూలం పడింది. చెరిపేసి మళ్లీ కొట్టింది. "సదరు దేవసహాయం గారితో నాకు వివాహము జరిగి" అని వచ్చింది. సదరు అన్న మాట చూసి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్ల నీళ్లు తిరిగాయి. అదీ చెరిపేసింది.

తప్పంతా డెస్క్‌టాప్‌ది అనుకుంది. కుర్చీలో నిటారుగా కూచుని బల్ల మీద చేతులు పెడితే కోర్టు భాష రాక ఇంకేం వస్తుంది?

మరిది కూతురు రూతు కాలేజీలో లెక్చరరు. "ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఎవరు కొంటున్నారు పెద్దమ్మా? లాప్‌టాప్ అయితే వరండాలో కూచుంటావు, మంచం మీద కూచుంటావు, కరెంటు పోయినా రాసుకుంటావు" అని చెవినిల్లు కట్టుకుని పోరింది. అనసూయ ఒప్పుకోలేదు. "ఒళ్లో పెట్టుకుని తల వంచుకు రాస్తే నెల తిరిగేసరికి మెడకు పట్టీ పడుద్ది. ఆ చిన్న కీలు నీ వేళ్లకు చాలవు. రాసే పని ఒకచోట కూచుని చెయ్యాలే. డెస్క్‌టాప్ తీసుకో" అంది.

ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది. పైగా ఇద్దరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఇంట్లో డెస్క్‌టాప్ పెట్టదగ్గ బల్ల ఒక్కటే, అది ఆయన మంచం పక్కన ఉంది. ఊడ్చడానికి తప్ప ఆమె ఆ గదిలోకి వెళ్లడం లేదు. లాప్‌టాప్ అయితే ఆ గదితో పనే లేదు. వరండా ఉంది, చర్చి ఆవరణ ఉంది, కావాలంటే సముద్రం ఒడ్డుంది. కానీ ఆయన గదికి దూరంగా పోయి కూచుని ఆయన గురించి ఏం రాస్తుంది? డెస్క్‌టాప్ కొంటే దాని ముందు కూచోలేదు. లాప్‌టాప్ కొంటే పారిపోయినట్టుంటుంది. వారానికోసారి ఒకటి ఖాయం చేసుకునేది, ఆదివారం ప్రార్థన అయ్యేసరికి మనసు మార్చుకునేది.

చివరికి రూతుకూ విసుగొచ్చింది, అనసూయకూ విసుగొచ్చింది. ఇక ఈ సంగతి తేల్చగలిగినవాళ్లు ఒక్కరే ఉన్నారనిపించి, సువార్తమ్మ ఒక సోమవారం పొద్దున కోటిలింగం మాస్టారి దగ్గరికి వెళ్లింది.

పద్దెనిమిదేళ్ల వయసులో ఆమెకు టైపు నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. చీరాలలో ఒక బట్టల కొట్టు మేడ మీద ఆయన ఇన్‌స్టిట్యూట్ ఇంకా నడుస్తూనే ఉంది. పాత టైపు మిషన్లు గుడ్డలు కప్పుకుని ఒక గోడ వారన ఉంటాయి. ఇవతలి గోడకు రెండు డెస్క్‌టాప్‌లు, ఒక లాప్‌టాప్. నేర్చుకునేవాళ్లు సాయంత్రం వస్తారు. ఆ పొద్దున మాస్టారు తప్ప ఎవరూ లేరు.

మాస్టారు పాఠం చెప్పగా విన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఎవరైనా తప్పు కొడితే వెళ్లి వాళ్ల పక్కన నిలబడేవారు, అంతే. ఆయన వచ్చి నిలబడితే తప్పెక్కడుందో వాళ్లకే తెలిసిపోయేది. పేజీ మధ్యలో లేవకూడదన్న ఒక్క మాట తప్ప నోటితో ఏదీ చెప్పేవారు కాదు.

"మాస్టారూ, నేను సువార్తనండీ."

"మెట్లెక్కుతుంటేనే తెలిసింది. ఎడమ కాలు గట్టిగా వేస్తావు. కూచో."

ఆమె కూచుని అంతా చెప్పింది. అనసూయ మాట, రూతు మాట, వాంగ్మూలంలా పడే లైన్లు, అన్నీ. మంచం పక్కన బల్ల సంగతి మాత్రం చెప్పలేదు. "మీరు ఏది తీసుకోమంటే అది తీసుకుంటానండీ" అంది.

మాస్టారు డెస్క్‌టాప్ చూపించారు. "కొట్టు."

కొట్టింది. ఆయన పక్కన వచ్చి నిలబడ్డారు. నా భర్త కీ.శే. దేవసహాయం అన్న లైను తెర మీద పడింది.

"ఇప్పుడు దీని మీద" అని లాప్‌టాప్ తీసి ఆమె ఒళ్లో పెట్టారు.

ఆమె తలుపు దగ్గరికి, గాలి వచ్చే చోటుకు జరిగి కూచుంది. కింద వీధిలో ఆటోలు పోతున్నాయి. ఏదన్నా మంచి మాట వస్తుందేమోనని కాసేపు ఆగింది. తర్వాత కొట్టింది. మాస్టారు వంగి చదివారు. సదరు దేవసహాయం గారు అని ఉంది.

"కోర్టు ఒళ్లో కూడా బాగానే కూచుందే" అన్నారు.

సువార్తమ్మ ముఖం చిన్నబోయింది. రెండిట్లోనూ అదే పడితే ఇక తన చేతిలోనే ఏదో చెడిపోయిందన్నమాట. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల గొడవలన్నీ ఆ చేతుల్లోంచి పోయాయి. సొంత మనిషికి వచ్చేసరికి ఒక్క మాట మిగల్లేదు.

మాస్టారు ఒక మిషను ముందు తను కూచున్నారు. అది డెస్క్‌టాపో లాప్‌టాపో నాకీ కథ చెప్పినవాళ్లు చెప్పలేదు. నేనూ అడగలేదు. తెర కనపడకుండా ఎదురుగా కుర్చీ వేసుకోమన్నారు ఆమెను. వేసుకుంది. ఆయన రెండు చేతులూ కీల మీద పెట్టారు. వేళ్లు కాస్త వంకరపోయాయి గానీ, పెట్టిన తీరు పాతదే.

"ఇన్నేళ్లూ ఎవరో చెప్పారు, నువ్వు టైపు చేశావు. ఇవాళ నువ్వు చెప్పు. నేను చేస్తా."

ఆమెకు సిగ్గేసింది. తన మాటలు గురువు గారు టైపు చేయడమేమిటి? కాదనలేక గొంతు సవరించుకుంది.

"నా భర్త కీర్తిశేషులు దేవసహాయం గారు..."

కీల చప్పుడు లేదు.

"చేయట్లేదేంటి మాస్టారూ?"

"వినపడలా."

ఆయనకు చెవుడేమీ లేదు. అడుగుల చప్పుడుని బట్టి మనిషిని పోల్చుకున్న చెవులవి. సరే, వయసు కదా అనుకుని ఆమె గొంతు పెంచింది. "నా భర్త దేవసహాయం గారు వాడరేవు ఐసు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిది సంవత్సరములు పనిచేసియున్నారు."

"వినపడలా."

"సదరు ఫ్యాక్టరీ నందు..."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. చేతులు మాత్రం కీల మీద నుంచి తీయలేదు.

సువార్తమ్మకు కోపమొచ్చింది. అడిగింది ఒకటి, ఈయన చేస్తున్నది ఒకటి. ఏది కొనాలో చెప్పడానికి ఇంత తతంగమా? "ఇంకెట్టా చెప్పమంటారండీ? మనిషే లేడు. ఆయన చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేయి. ఇంకేం చెప్పను?"

టకటకమని కీలు కదిలాయి.

ఆమె నోట మాట ఆగిపోయింది. కీలు కూడా ఆగాయి. మాస్టారు కళ్లు తెరిచి తర్వాతి మాట కోసం చూస్తున్నారు.

"రోహిణి ఎండల్లో కూడా చల్లగానే ఉండేయి" అంది మెల్లగా. కీలు నడిచాయి. "ఐసుతో పని గదండీ. నేను కోర్టు నుంచి వచ్చేసరికి మెడ పట్టేసి ఉండేది. వెనక నుంచి వచ్చి రెండు చేతులూ మెడ మీద వేసేవాడు. ఉలిక్కిపడి తిట్టేదాన్ని. తిట్టించుకోడానికే వేసేవాడు. ఇప్పుడు కూడా సాయంత్రం ఆ వేళ అయ్యేసరికి మెడ ఎదురుచూస్తదండీ."

మాస్టారు తల ఎత్తకుండా టైపు చేస్తున్నారు.

"పెళ్లయిన కొత్తల్లో టిఫిను డబ్బాలో ఐసు ముక్క పెట్టుకుని తెచ్చేవాడు నాకోసం. సైకిలు మీద వచ్చేసరికి ఏముంటది, నీళ్లే. ఆ నీళ్లే తాగమనేవాడు. తాగేదాన్ని. పచ్చడి వాసన కొట్టేయి. నన్ను పేరు పెట్టి పిలవడండీ. 'ఏం కోర్టూ, ఇవాళ ఎంతమందికి శిక్ష వేయించావు' అని గుమ్మంలోంచే అరిచేవాడు. వీధి వీధంతా వినపడేది."

అలా అన్నప్పుడు ఆ గొంతు వచ్చింది. ఆయన గొంతే, కాస్త బొంగురుగా, చివరి మాట సాగదీస్తూ. గిన్నెలు తోముతుంటే రానిది ఇప్పుడు పిలవకుండా వచ్చింది. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఆమెను ఆపేవాళ్లు లేరు. ఆయన జీడిపప్పు దాచుకుని తినడం, రూతు చిన్నప్పుడు దాని జడలు వంకరగా వేసి బడికి పంపడం, చర్చిలో పాటల పుస్తకం తిరగేసి పట్టుకుని కూడా పాట తప్పకుండా పాడటం, అన్నీ చెప్పింది. గది మధ్యలో ఉన్న ఎండ గడప దగ్గరికి పోయింది. చెప్పి చెప్పి అలసిపోయి, "అంతేనండీ" అంది.

మాస్టారు చేతులు తీయలేదు.

"ఇంకేం లేదండీ."

వేళ్లు కీల మీద అలాగే ఉన్నాయి. సువార్తమ్మ కాసేపు ఫ్యాను వైపు చూసింది, కాసేపు తన చేతుల వైపు చూసుకుంది.

"ఆ రోజు ఓ తీర్పు సాపు ప్రతి కొడుతున్నా" అంది చివరికి. "అటెండరు వచ్చి నా పక్కన చీటీ పెట్టాడు. ఇంటి నుంచి ఫోనొచ్చింది, మీ ఆయనకు బాగాలేదంట, వెంటనే రమ్మన్నారు అని. చదివా. చూడలేదని అబద్ధం చెప్పను."

కీలు నడుస్తున్నాయి.

"ఆఖరి పేజీ అది. ఇంకా పదకొండు లైన్లున్నాయి. నన్నెవరూ ఉండమనలేదు. ఒక్క మాట చెబితే జడ్జి గారు తన కారిచ్చి పంపేవారు. మీరు చెప్పేవారు గదండీ, పేజీ మధ్యలో మిషను ముందు నుంచి లేవకూడదని. అది చేతికి పట్టేసింది. పదకొండు లైన్లే గదా, కొట్టేసి లేద్దామనుకున్నా. కొట్టా. ఒక్క తప్పు పోలేదు. బస్టాండుకు పోయేసరికి మూడున్నర బస్సు వెళ్లిపోయింది."

ఆమె ఎక్కడా తడుముకోలేదు. నాలుగేళ్లుగా లోపల అదే మాట తిరుగుతూ ఉండి ఉండాలి.

"నేనొచ్చేసరికి అయిపోయింది. కోర్టు వచ్చిందా, కోర్టు వచ్చిందా అని రెండుసార్లు అడిగాడంట. పక్కింటావిడకు అర్థం కాలేదంట. ఏదో కేసు గురించి అనుకుందంట. నేను రాయాల్సింది ఇదేనండీ. మిగతాదంతా ఎట్టాగైనా వచ్చుద్ది. ఆయన అక్కడ అడుగుతుంటే, నేను ఇక్కడ పేజీ పూర్తి చేసి లేచా."

కీల చప్పుడు ఆమె మాట కంటే ముందే ఆగిపోయింది. తల ఎత్తి చూసింది. మాస్టారు వేళ్లు గాల్లో ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

సువార్తమ్మ ముందుకు వంగి తెరను తనవైపు తిప్పుకుంది. తెర నిండా లైన్లు. ఎక్కడా సదరు లేదు. తన మాటలు ఎలా అన్నదో అలాగే ఉన్నాయి. చివరి లైను "నేను ఇక్కడ పేజీ పూర్తి చే" దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత అంతా తెల్లగా ఉంది.

ఆమె కుడి చెయ్యి దానంతటదే కీల మీదికి వెళ్లింది.

మాస్టారు తన అరచెయ్యి కీల మీద అడ్డంగా పెట్టారు.

"ఉండనీ" అన్నారు.

"సగం మాటండీ అది."

"ఉండనీమ్మా. ఇవాళ పేజీ మధ్యలో లేద్దాం."

కుర్చీ చేతులు పట్టుకుని ముందు ఆయన లేచారు. సువార్తమ్మ ఆ సగం మాట వైపు చూస్తూ కాసేపు కూచుంది. తర్వాత ఆమె కూడా లేచింది.