తుంచని తమలపాకు

చెంచుగిరి రాజావారికి ఒకనాడు పొద్దున్నే పెద్ద సందేహం వచ్చింది. ముందురోజు వంకాయకూరలో ఉప్పు తక్కువైందని కిరీటం తీసి వంటవాడి మీదికి విసిరారు. కిరీటానికి సొట్ట పడింది. వంటవాడికి బొప్పి కట్టింది.

"ఆ కోపం నేను తెచ్చుకున్నానా, దానంతటదే వచ్చిందా?" అని నిండుసభలో అడిగారు.

వంటవాణ్ణి అడగండి అని నేనైతే అనేవాణ్ణి. కానీ నన్నెవరడుగుతారు? నా పేరు తిప్పయ్య. రాజావారి వెనకాల తమలపాకుల సంచీ పట్టుకుని నిలబడే అడపకాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఎందుకంటే ఇంకో పని చేతకాదు.

పశుపతిశాస్త్రిగారు లేచారు. మనుషుల మనసులు చదివేస్తానని చెప్పుకునే పండితుడాయన. కోటకొచ్చి నెలయింది, శాలువాలు మాత్రం అప్పుడే పది పోగేశారు.

"మహారాజా! మనసు బొంగరం. తాతల రక్తం, పెరిగిన తీరు, పట్టిన అలవాటు, ఈ మూడూ కలిసి తాడు లాగుతాయి. బొంగరం మాత్రం 'ఆహా, నా ఇష్టప్రకారం తిరుగుతున్నాను' అనుకుంటుంది. ఎవడి చేతిలోనూ ఏమీ లేదు. ఆ కోపం మీది కాదు, మీ తాతగారిది!"

రాజావారి మొహం చాటంత అయింది. తప్పు తాతగారి మీదికి పోతానంటే ఎవరికి చేదు?

"రుజువేమిటి?" అన్నారు.

శాస్త్రిగారు సభంతా కలయజూసి, చివరికి నన్ను చూపించారు. "ఇడుగో, వీడు మూడురోజుల పాటు ఏం చేస్తాడో ముందే తాటాకు మీద రాసి మీకిస్తాను. రుజువైతే నాకో అగ్రహారం ఇప్పించండి. ఇలాంటి కీలుబొమ్మ పని ఎవడైనా చేస్తాడు గనక, వీడి ఉద్యోగం మా బావమరిదికి ఇప్పించండి."

రాజావారు సరేనన్నారు.

మొదటిరోజు ఆలస్యంగా వెళ్ళి, ఎద్దు తప్పిపోయిందని చెప్పాను. తాటాకు విప్పారు. "ఆలస్యంగా వస్తాడు. ఎద్దు తప్పిపోయిందంటాడు" అని ఉంది. మాకసలు ఎద్దే లేదు.

రెండోరోజు "యాలకులు దొంగతనంగా నోట్లో వేసుకుంటాడు" అని రాశారు. అప్పటికి నా బుగ్గన మూడున్నాయి.

సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడ నాంచారమ్మతో మొరపెట్టుకున్నాను. ఉద్యోగం పోతే మన గతేమిటే అని ఏడ్చినంత పని చేశాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ, "నిన్ను చదవడానికి పండితుడెందుకయ్యా? నన్నడిగితే గుప్పెడు శనగలకే చెప్పేదాన్ని. రేపు పంతానికి పోయి కోడికంటే ముందు లేస్తావు. ఆ తరవాత సభలో నిలబడే కునుకు తీస్తావు" అంది.

ఛీ, చచ్చినా కునుకు తియ్యనన్నాను.

కోడికంటే ముందే లేచాను. సభలో నిలబడే కునుకు తీశాను. తాటాకు మీద అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది.

"గెలుపు శాస్త్రిగారిదే! తిప్పా, తాంబూలం పట్టుకురా," అన్నారు రాజావారు.

మా కోటలో ఆచారం అది. ఏ దానమైనా రాజావారు తాంబూలం చేతికిచ్చి, పుచ్చుకున్నవాడు సభలోనే నమిలితే ఖాయమైనట్టు. అంటే నా ఉద్యోగానికి నీళ్ళొదిలే తాంబూలానికి నేనే సున్నం రాయాలన్నమాట. రాశాను. రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది.

"మహారాజా, పోయేముందు నేనూ ఒక జోస్యం చెప్పుకోవచ్చా?" అన్నాను.

"నువ్వా?" అని సభంతా నవ్వింది. రాజావారు చెప్పమన్నారు.

"ఈ ఆకు చేతికి రాగానే శాస్త్రిగారు ముందు తొడిమ తుంచుతారు, తరవాత కొస తుంచుతారు. నెలరోజులుగా చూస్తున్నాను, ఒక్కనాడు తప్పలేదు. వారూ నాలాంటి కీలుబొమ్మే."

సభలో మెడలన్నీ ముందుకు సాగాయి. శాస్త్రిగారు ఆకందుకున్నారు. అలవాటుగా వేళ్ళు తొడిమ దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయాయి. మొహం కందగడ్డయింది.

"అడపకాడి జోస్యానికి అందే మనిషినట్రా నేను?" అని గద్దించి, తొడిమతో, కొసతో సహా ఆకంతా మడిచి నోట్లో కుక్కుకున్నారు.

"శివశివా!" అన్నారు ముసలి మంత్రిగారు. తొడిమ తింటే రోగం, కొస తింటే పాపం అని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

"ఓడిపోయావురా తిప్పా! నీ జోస్యం తప్పింది," అన్నారు రాజావారు.

"చిత్తం, తప్పింది. అందుకే అడుగుతున్నాను మహారాజా," అని శాస్త్రిగారి వైపు చెయ్యి చూపించాను.

"వారి తాతగారు తుంచే తిన్నారు. అలవాటు తుంచమంది. శాస్త్రం తుంచమంది. మరి తుంచకుండా తిన్నదెవరు?"

'నా చేత పంతం తినిపించింది, అదీ అలవాటే' అని శాస్త్రిగారు ఒక్క ముక్క అంటే నా పని సరి. ఆ జవాబు నాకు అప్పుడే తట్టింది. కానీ ఆయన నోటినిండా ఆకూ వక్కా. రాజుగారి ఎదుట ఉమ్మకూడదు. ఉమ్మే పడిగ కూడా నా చేతిలోనే ఉంది. "ఊఁ, ఊఁ" అంటూ చేతులూపడం తప్ప ఏం చెయ్యగలరు?

ముందు రాజావారే పకపకా నవ్వారు. తరవాత సభంతా అందుకుంది. మంత్రిగారికి పొలమారింది.

"అగ్రహారం లేదు! నీ అడపం నీదేరా!" అంటూ రాజావారు చేతి కడియం తీశారు. ఇచ్చేముందు కళ్ళు చిట్లించి, "నిజం చెప్పు. ఇదంతా నువ్వే చేశావా, నీ చేత ఎవరైనా చేయించారా?" అని అడిగారు.

నేను రెండు చేతులూ చాచాను.

"తప్పయితే మా తాత చేయించాడనేవాణ్ణి మహారాజా. కడియం ఇస్తున్నారు గనక, నేనే చేశాను!"