పులిని బెదరగొట్టిన గురక

కొండల నడుమ కంకణాద్రి అని ఒక చిన్న రాజ్యం ఉండేదట. దాన్ని ఏలే గజసింహ మహారాజుకు తన గొప్ప తాను వినడమంటే మహా ఇష్టం. ఆ సంగతి పసిగట్టి మహేశ్వరభట్టు అనే పండితుడు ఎక్కడి నుంచో వచ్చి కొలువులో చేరాడు.

భట్టు చెప్పే శాస్త్రం ఒక్కటే. "మన పూర్వులు గుహల్లో బతికారు. అక్కడ వాళ్ల ప్రాణాలు కాపాడిన అలవాట్లే ఈనాటికీ మనని నడిపిస్తున్నాయి."

"అయితే నా గురకకు కారణమేమిటి?" అని మొదటిరోజే అడిగాడు రాజు. ఆ గురక భరించలేక రాణిగారు వేరే మేడకు మారి అప్పటికి ఆరు నెలలు.

"ప్రభువుల పూర్వుడు గుహ వాకిట పడుకుని, గురకతోనే పులులను బెదరగొట్టాడు. అది వీరలక్షణం!"

రాజు మీసం మెలేశాడు. ఆనాటి నుంచి భట్టు మాటే శాసనం.

ఇక కొలువులో ప్రజల విన్నపాలు చదివి వినిపించే మల్లపరాజు పాట్లు చెప్పనలవి కాదు. పొద్దున లేస్తే ఇదే గోల. వంటవాడు ఉప్పు ఎక్కువేస్తే గుహల నాటి అలవాటు. సేనాపతి ఆలస్యంగా వస్తే వేటగాడి లక్షణం. పూర్వుల నుంచి మనకు ఎంతో కొంత వచ్చే ఉంటుందని మల్లపరాజూ ఒప్పుకునేవాడు. అయితే ఏది వచ్చిందో, ఎలా వచ్చిందో పక్కనుండి చూసినట్టు భట్టు చెబుతుంటే అతనికి ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు భట్టు కొత్త సంగతి తీశాడు. "మగవాడు వేటగాడు. పసిబిడ్డ ఏడుపు వాడి చెవికెక్కదు. తల్లి లేని పసివాళ్లను తండ్రుల దగ్గర వదిలేయడం ప్రమాదం."

అలాంటి బిడ్డలందరినీ పౌర్ణమిలోగా అంతఃపుర దాదులకు అప్పగించాలని రాజు చాటింపు వేయించాడు.

మర్నాడే సిద్ధయ్య అనే సాలె ఎనిమిది నెలల కూతుర్ని భుజాన వేసుకుని మల్లపరాజు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, దీని తల్లి పురిట్లోనే పోయింది. ఉయ్యాల తాడు మగ్గం తొక్కుడుకర్రకు కట్టుకుని నేస్తుంటాను. తొక్కినప్పుడల్లా ఉయ్యాల ఊగుతుంది. దీన్ని లాక్కుపోతే ఇక నేనెవరి కోసం నెయ్యాలి?"

మల్లపరాజు అతన్ని వెంటబెట్టుకెళ్లి, ఆ విన్నపం సభలో చదివాడు. "శాస్త్రం అలా చెబుతుంటే నన్నేం చెయ్యమంటావయ్యా?" అన్నాడు రాజు.

"చిత్తం. ఒక్క సందేహం ప్రభూ. పొరుగు రాజుగారు అసలు గురకే పెట్టరట. వారి పూర్వులూ గుహల్లోనే ఉన్నారా భట్టుగారూ?"

"ఉన్నారు. చప్పుడు చేయకుండా పడుకుని పులి కంట పడకుండా తప్పించుకున్నారు."

"అంటే, గురక పెట్టినవారినీ పులి తినలేదు, పెట్టనివారినీ తినలేదు."

"అంతే!"

"పాపం, ఆ పులి పస్తులతోనే పోయి ఉంటుంది."

సభ గొల్లుమంది. రాజు నవ్వలేదు గాని, మీసం మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ప్రభూ, జరిగాక కారణం చెప్పడం నాకూ చేతనవును. జరగకముందు చెప్పమనండి. సిద్ధయ్య బిడ్డను మరో నలుగురు పసివాళ్లతో కలిపి తెర వెనక ఉంచుదాం. తన బిడ్డ ఏడుపు అతను పోల్చగలడో లేదో భట్టుగారు ముందుగానే తాటాకు మీద రాసి, ముద్ర వేసి తమ చేతికివ్వాలి."

భట్టు గబగబా రాసిచ్చాడు. మల్లపరాజు తెర కట్టించి, పసివాళ్లను రప్పించాడు. సిద్ధయ్య పొరబడితే ఆ బిడ్డను తన చేతులతో తానే దూరం చేసినట్టవుతుంది. ఈ పంతం నాకెందుకు వచ్చింది దేవుడా అనుకున్నాడు.

తెర వెనక కొత్త చోటు చూసి పసివాళ్లు ఒకరి తరవాత ఒకరు రాగం అందుకున్నారు. సిద్ధయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఇది ఆకలి ఏడుపు, నా బిడ్డది కాదు. ఇదీ కాదు... ఇదిగో, ఇది నా తల్లే దొరా! నిద్రొస్తోంది దానికి. ఊపు లేక ఏడుస్తోంది."

అంటూనే మడమతో నేల మీద మగ్గం తొక్కినట్టు కొట్టాడు. టక్, టక్, టక్. తెర వెనక ఒక ఏడుపు సన్నగిల్లి ఆగిపోయింది. తెర తీసి చూస్తే సిద్ధయ్య కూతురు వేలు నోట్లో పెట్టుకుని ఆ చప్పుడు వచ్చిన వైపే చూస్తోంది.

రాజు ముద్ర విప్పాడు. 'పోల్చలేడు' అని ఉంది.

భట్టు తడబడకుండా లేచాడు. "ప్రభూ, ఇదీ మన పూర్వుల వల్లనే! గుహలో తండ్రి..."

"ఆగవయ్యా! ఆ పులిని ఇంకెన్నాళ్లు పస్తుంచుతావు?" అని రాజు పొట్ట చేత పట్టుకుని నవ్వాడు. చాటింపు రద్దు చేయించి, తన శాలువా తీసి మల్లపరాజుకు కప్పాడు. ఇకనుంచి ముందు రాసిచ్చి, తరవాతే నోరు తెరవమని భట్టును ఆజ్ఞాపించాడు.

సిద్ధయ్య కూతుర్ని ఎత్తుకుని వెళ్లాక రాజు గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ మల్లపరాజూ, నా గురక ఎందువల్లనంటావు?"

"నాకు తెలియదు ప్రభూ. రాత్రి భోజనంలో గారెలు మానేసి చూడండి. పది రోజుల్లో తగ్గుతుందని ఇప్పుడే రాసి ముద్ర వేసిస్తాను."

రాజు మళ్లీ పకపకా నవ్వి, తాటాకు తెప్పించాడు.